నా పిక్కలు కొలిచిన డాక్టర్ సాబ్

ఇది రాయకుండా వదిలేద్దామనే అనుకున్నాను. జహీరాబాద్‌లో చాలాకాలం దవాఖాన నడిపి, పెద్దతనంలో హైదరాబాద్‌లో కూతురి దగ్గరికి చేరిన మా డాక్టర్ సాబ్ పోయారని ఫోన్ వస్తే మొదట నమ్మలేదు. ఇదివరకు ఒకసారి ఇలాగే కబురొస్తే, దండ కొనుక్కుని వెళ్ళినవాళ్ళు బతికే ఉన్న ఆయనకే నమస్కారం పెట్టి తిరిగొచ్చారు. ఈసారి నిజమే. తన గురించి ఎవరైనా మంచిగా రాస్తే ఆయన ఏమనేవారో కూడా నాకు తెలుసు: “వీనికి నాతోని ఏం పనుంది?”

ఆయన దేన్నీ ఊరికే నమ్మేవారు కాదు. కోహీర్ జామకాయలంటే ప్రాణం. కానీ బండి దగ్గరే నాలుగు ముక్కలు కోసి, పురుగు లేదని చూసుకున్నాకే నోట్లో పెట్టేవారు.

“మంచి కాయనే సాబ్” అనేది బండామె.

“అమ్మేదానివి, నువ్వట్లనే అంటవ్.”

“మరి నీ మందు మంచిదని ఎవరు చెప్తున్నరు? నువ్వే గద!”

జామకాయల దగ్గర మొదలుపెడితే నేను ఆగను. అసలు సంగతికి వస్తాను.

నేను దర్జీని. ఎనభైల మొదట్లో ఒక వానాకాలం చిరాగ్‌పల్లి దగ్గర సైకిల్ మీంచి పడి చీలమండ విరగ్గొట్టుకున్నాను. ఎముక విరిగితే దవాఖానకు పోయే అలవాటు మాకప్పుడు లేదు. ఝరాసంగం వైపు ఒక పెద్దమనిషి వెదురుబద్దలు పెట్టి కట్టు కట్టి, “నలభై దినాలు కదిలితివా, కాలు వంకరే” అన్నాడు. ఆ భయంతో కాలివేలు కూడా కదపలేదు. మూడు వారాలకు ఒక పొద్దున ఛాతీలో పోటు. ఊపిరి పైపైనే ఆడుతోంది. దగ్గితే తువ్వాలకు కాస్త రక్తం అంటింది. నాకు తోచింది ఒకటే, టీబీ. టీబీ దర్జీ కుట్టిన బట్ట ఎవరు తొడుక్కుంటారు? ఇంటావిడ చూడకముందే తువ్వాలను పరుపు కింద తోశాను.

ఆ రోజే డాక్టర్ సాబ్ వచ్చారు. వైద్యానికి కాదు, కుట్టడానికిచ్చిన పాంటు కోసం.

“ఏం మాస్టర్, కాలు నిజంగనే ఇరిగిందా, నా పాంటు ఎగ్గొట్టనీకి కట్టుకున్నవా?”

“ఐతారం... లోపు... ఇస్త సాబ్.”

ఆయన నవ్వు ఆగిపోయింది. “ఒక్క మాట మూడు ముక్కలెందుకైతున్నది?” మణికట్టు పట్టుకుని గడియారం చూశారు. “నాడి గింత ఉరుకుతున్నదేంది? దగ్గితే నెత్తురు పడ్డదా?”

“లేదు సాబ్. పడిశెం.”

ఆయన నన్ను అడగడం మానేసి ఇంటావిడ వైపు తిరిగారు. “ఈయన మాట నాకొద్దు. జర మంచం చుట్టు ఎతుకు చెల్లె.”

తువ్వాల దొరికింది. నా టేపు అందుకుని నా పిక్కలే కొలవబోయారు. ఆ స్థితిలోనూ నా వృత్తి ఊరుకోలేదు. “గట్ల కాదు సాబ్. మోకాలి నుంచి రెండు కాళ్లకు... ఒక్క తీరు దూరంల... సుద్దగీత పెట్టి కొలువున్రి.” నావైపు అనుమానంగా చూసి, గీత పెట్టే కొలిచారు. కట్టున్న కాలు అంగుళమున్నర ఎక్కువ.

“ఇరిగింది కింద. వాపు గింత పైకెందుకొచ్చింది?”

కదలని కాలిలో రక్తం గడ్డకట్టి, అందులో ఒక ముక్క గుండె దాటి ఊపిరితిత్తుల రక్తనాళంలో అడ్డం పడి ఉంటుందన్నారు. ఆ మాటనూ ఆయన పూర్తిగా నమ్మలేదు. మంచంతో సహా మోయించి ఛాతీకి ఎక్స్‌రే తీయించారు. ఫిల్మ్ శుభ్రంగా ఉంది.

“చూసిన్రా సాబ్, ఏం లేదు.”

“ఫోటోల ఏం లేదు, మనిషేమో ఎగపోస్తున్నడు. టీబీ ఐతే మచ్చ కనవడాలె, గందుకే గడ్డ మీద అనుమానం.”

హైదరాబాద్ పోవాలన్నారు. తన చేతుల్లో పోతే పేరు చెడుతుందని నన్ను వదిలించుకుంటున్నారనుకున్నాను. కానీ జీపులో నన్ను పడుకోబెట్టి తనూ ఎక్కారు.

“మీరెందుకు సాబ్?”

“లేకుంటే నువ్వు సదాశివపేటల దిగిపోతవ్.”

అబద్ధమెందుకు, అక్కడ మా బామ్మర్ది ఇంట్లో దిగిపోదామనే అనుకున్నాను.

పెద్దాసుపత్రిలో నరంలోకి మందు ఎక్కించి ఫోటోలు తీస్తే, కుడి ఊపిరితిత్తికి పోయే నాళంలో అడ్డం కనిపించింది. అది ఎంత మేర మూసుకుందో, గుండె ఆ బరువు మోయగలదో లేదో చూసుకుని, గడ్డ పెరగకుండా మందు మొదలుపెట్టారు. ఇంకొక్క ముక్క వచ్చి ఉంటే మనిషి దక్కేవాడు కాదని అక్కడి డాక్టర్ అన్నాడు. మా సాబ్ ఆ ఫోటోను కిటికీ వెలుతురుకు పట్టుకుని చాలాసేపు చూశారు.

“దీని మీద నీ పేరే ఉన్నది గద?” అన్నారు నాతో.

నన్ను నమ్మినవాళ్ళు చాలామంది ఉన్నారు. నమ్మకుండా బతికించింది ఆయనొక్కరే.

మొన్న హైదరాబాద్‌లో సాబ్ కూతురింటికి వెళ్ళాను. మూడో అంతస్తు. లిఫ్టు పనిచేయడం లేదు. రెండో అంతస్తులో ఒకసారి ఆగి, మళ్ళీ ఎక్కాను. ఆమె తలుపు తీసి కూర్చోమంది. మంచినీళ్ళు తెచ్చింది. ఎందుకు ఎగపోస్తున్నవని నాడి పట్టేవారు ఆ ఇంట్లో ఇక లేరు. తాగాను.