ముందు పెళ్లా, ముందు వీసానా?

చిట్టి అంటే చిన్నపిల్ల అనుకునేరు. నలభై దాటిన మనిషి, సిటీ బస్సు డ్రైవరు. ఇరుకు సందులో పొడుగు బస్సు రివర్సు చేయాల్సి వస్తే మగ డ్రైవర్లు కూడా తాళం తెచ్చి ఆమె చేతిలోనే పెడతారు. పెళ్లి ఊసెత్తితే "చూద్దాంలే" అని ఇన్నేళ్లూ దాటేసింది. అలాంటిది, చివరికి తన బస్సెక్కినాయనకే మనసిచ్చేసింది.

ఆయన పరాయి దేశంవాడు. సోఫాలకీ కుర్చీలకీ మెత్తలు నింపి గుడ్డ బిగించే పని. ఒక ఫర్నిచర్ కంపెనీలో ఒప్పందం మీద వచ్చి, రోజూ పొద్దున్నే ఆమె బస్సులో ముందు సీటు పట్టేవాడు. మన మాట నేర్చుకున్నాడు, ఆనక ఆమెను నవ్వించడమూ నేర్చుకున్నాడు. ఒప్పందం ముగిసి తిరిగి వెళ్లేలోపు ఇద్దరూ పెళ్లి మాట అనేసుకున్నారు. చిట్టి వాళ్లమ్మ ఆయనకి "కుర్చీలబ్బాయి" అని పేరు పెట్టింది, ఆ అబ్బాయికి యాభై దగ్గర పడుతున్నా.

మరి ఆయన్ని ఇక్కడికి రప్పించడం ఎలా? అన్నయ్యను వెంటబెట్టుకుని చిట్టి లాయరమ్మ దగ్గరికెళ్లింది.

"రెండు దారులున్నాయండీ," అందావిడ. "కాబోయే భర్తగా వీసా అడిగితే తొందరగా వచ్చేస్తారు. పెళ్లి ఇక్కడ చేసుకోవచ్చు. కానీ పనిచేసే అనుమతి ఆ తర్వాతే అడగాలి, అది వచ్చేదాకా ఖాళీగా కూర్చోవాలి. అలా కాదూ, మీరే అక్కడికెళ్లి పెళ్లి చేసుకుని, భర్తగా పిలిపించుకుంటే ఏడాది పైనే పట్టొచ్చు. కానీ దిగిన మర్నాడే పనిలో చేరొచ్చు."

"ఇందులో ఆలోచించేదేముందే? తొందరగా వచ్చే దారే మంచిది," అన్నాడు అన్నయ్య.

చిట్టికి కిందటేడు గుర్తొచ్చింది. ఆయన చుట్టపుచూపుగా వచ్చి నెలన్నర ఉన్నాడు. మొదటి వారంలో ఇంట్లో కుర్చీలన్నీ విప్పి బిగించాడు. తర్వాత పక్కింటివాళ్లవి. ఆపైన చేయడానికేమీ లేక కిటికీ దగ్గర కూర్చుని, ఆమె డ్యూటీ దిగి రాగానే చీటికీమాటికీ చిరాకుపడేవాడు. చివరి రోజుల్లో ఇద్దరి మధ్యా పొడిపొడి మాటలే.

"పెళ్లయ్యాకే వస్తాడండీ," అంది లాయరమ్మతో.

ఇంటికొచ్చి చెబితే అమ్మ ముఖం ముడుచుకుంది. "నా కళ్లెదుట జరగాల్సిన పెళ్లి, దేశం కాని దేశంలోనా?"

"నువ్వూ వస్తున్నావుగా."

"ఈ మోకాళ్లతోనా?"

"వాటితోనే. విమానంలో నడవక్కర్లేదమ్మా, కూర్చోవడమే."

అమ్మ దారికొచ్చింది గానీ, ఫోనులో ఆయనే అలిగాడు. "నేను తొందరగా రావడం నీకిష్టం లేదా?"

"రావడమొక్కటే కాదు, వచ్చాక నువ్వు నవ్వుతూ ఉండాలి నాకు. పనిలేకపోతే నువ్వు నువ్వు కావు. కిటికీ దగ్గర చూశాగా!"

ఆ కిటికీ ఆయనకీ గుర్తుంది. "నిజమే," అన్నాడు నెమ్మదిగా.

ఆ దేశం రిజిస్ట్రారు ఆఫీసులో పెళ్లయింది. అర్థంకాని భాషలో చదివిందంతా అమ్మ బుద్ధిగా వింది. సంతకం దగ్గర మాత్రం "నిదానంగా పెట్టవే, దస్తూరీ బాగుండాలి," అని హెచ్చరించింది.

సెలవు అయిపోగానే చిట్టి మళ్లీ స్టీరింగు పట్టింది. ఎదురుచూపు అనుకున్నదానికన్నా సాగింది. మధ్యలో ఇంకేవో కాగితాలు కావాలన్నారు. "నేను ముందే చెప్పలేదూ?" అన్నాడు అన్నయ్య. ఒక సాయంత్రం డిపోలో ఇంజను ఆపి, సీట్లోనే కూర్చుని ఏడ్చింది. ఏడ్చిందే గానీ, తప్పు చేశానని మాత్రం అనుకోలేదు.

ఆయన వచ్చిన వారంలోనే సినిమా హాళ్ల సీట్లు బాగుచేసే షాపులో కుదిరాడు. సాయంత్రం చేతులకి జిగురంటుకుని, ఒళ్లంతా అలిసిపోయి, నోటినిండా కబుర్లతో ఇల్లు చేరేవాడు.

ఈమధ్య డిపోలో కొత్త డ్రైవరమ్మాయి ఒకతె చిట్టిని ఆపింది. తనకీ ఇలాంటి చిక్కే వచ్చిందట. ఏ దారి మంచిదక్కా అని అడిగింది.

"ముందు నీ మనిషి సంగతి చెప్పు. ఖాళీగా కూర్చోగలడా?"

"హాయిగా కూర్చుంటాడక్కా. వంట కూడా చేస్తాడు."

"అయితే ఆలస్యమెందుకే, తొందరగా వచ్చే దారిలోనే పిలిపించుకో!" అంది చిట్టి, బస్సెక్కి అద్దం సరిచేసుకుంటూ.