నా పక్కన కూర్చుని జర్మన్ నేర్చుకున్నావిడ

దయ్యాల కథలు చెప్పేవాళ్ళ మొహం మీదే నవ్వేసేదాన్ని నేను. పెంటపాడు దగ్గర వరిచేల మధ్య పెరిగాను, పొద్దుగూకాక కూడా పొలం నుంచి ఒక్కదాన్నే నడిచొచ్చేదాన్ని. ఇప్పటికీ నమ్ముతానని చెప్పను. జరిగింది జరిగినట్టు రాస్తాను, అంతే.

2008లో నాకు పెళ్ళయింది. మా ఆయన తాడేపల్లిగూడెంలో ఇంజినీరింగ్ చదివి జర్మనీలో ఉద్యోగం చేస్తున్నారు. పెళ్ళయిన పద్దెనిమిదో రోజున విమానం ఎక్కేశారు. భార్య రావాలంటే అక్కడి భాషలో పరీక్ష పాసవ్వాలన్నారు. ఒకసారి రాసి తప్పాను. మళ్ళీ రాసి పాసయ్యేదాకా కొల్లేటికోటలో అత్తగారింట్లోనే ఉండాలి.

అత్తగారూ మామగారూ పొద్దున్నే చేపల చెరువు మీదికి వెళితే సాయంత్రానికి గానీ రారు. ఇరుగుపొరుగూ అంతే. పగలంతా చుట్టూ నీళ్ళు, కొంగలు, నేను. ఎవరితోనూ మాట్లాడక, సాయంత్రానికి నా గొంతు నాకే కొత్తగా వినిపించేది. ఏడుపొచ్చేది, ఏడ్చేదాన్ని.

ఏలూరులో గ్రేసమ్మగారని రిటైరైన నర్సు ఉండేవారు. జర్మనీ ఆసుపత్రిలో చాలా ఏళ్ళు పనిచేసి వచ్చారు. వారంవారం వెళ్ళడం కుదరక ఒక పద్ధతి పెట్టుకున్నాం. నేను పాఠం చదివి క్యాసెట్‌లో రికార్డు చేస్తాను. శనివారం మామగారు చేపల లోడుతో ఏలూరు వెళుతూ అది ఇచ్చొస్తారు. ఆవిడ విని, నా తప్పులన్నీ రెండోవైపు చెప్పి పంపుతారు. "నీ క్యాసెట్ కూడా చేపల వాసనొస్తోందమ్మా" అనేవారు.

ఆ నెల పాఠం ఎవరికి వారు చేసుకునే పనుల గురించి. కడుక్కోవడం, దువ్వుకోవడం, గుర్తు తెచ్చుకోవడం. జర్మన్‌లో ఈ క్రియల పక్కన ఒక చిన్న మాట చేరుతుంది. నేనైతే మిష్, నువ్వైతే డిష్, వాళ్ళైతే జిష్. మనకేమో ఎవరు చేసుకున్నా క్రియ చివర చేరే 'కొను' మారదు. ఆ అలవాటు కొద్దీ నేను అందరికీ జిష్ తగిలించేశాను.

తిరిగొచ్చిన క్యాసెట్‌లో ఆవిడ మాటలివి: "పద్మా, అందరికీ జిష్ పెట్టేస్తే ఎలాగమ్మా? నీ పక్కన కూర్చున్నావిడ చూడు, ఎంత చక్కగా చెబుతోందో. ఆవిణ్ణి చూసి నేర్చుకో."

నా పక్కన ఎవరూ లేరు. మధ్యాహ్నం రెండింటికి, తలుపు గడియ పెట్టుకుని, ఫ్యాను కూడా ఆపి రికార్డు చేశాను. మా టేప్‌రికార్డర్‌లో మూడుసార్లు తిప్పి విన్నాను. నా గొంతు, కొంగల అరుపులు తప్ప ఏమీ లేవు. పాపం, పెద్దావిడ చెవులు మోసం చేస్తున్నాయనుకున్నాను.

తర్వాతి వారమూ అదే మాట. దాంతో మామగారితో కలిసి నేనే ఏలూరు వెళ్ళాను. గ్రేసమ్మగారు క్యాసెట్‌ని తన టేప్‌రికార్డర్‌లో వేశారు. 'నేను కడుక్కుంటాను' అన్న వాక్యం నేను తప్పుగా చెప్పిన వెంటనే, ఒక ఆడగొంతు అదే వాక్యాన్ని సరిగ్గా చెప్పింది. మెల్లగా, తొందర లేకుండా. నా ఈడుదే అనిపించింది. పలుకుబడి మన వైపుదే.

"ఎవరమ్మా ఈవిడ?" అన్నారు.

"మా ఆడపడుచండి" అన్నాను.

నాకు అసలు ఆడపడుచే లేదు. నిజం చెబితే పిచ్చిదనుకుంటారని కొంత భయం. కానీ దాచుకోవడమెందుకు, నాకు అప్పటికే ఆ గొంతు కావాలనిపించింది. ఒక మనిషి తోడు దొరికినట్టయింది.

ఇంటికొచ్చి అత్తగారిని అడిగాను. "మనకంటే ముందు ఈ ఇంట్లో ఎవరైనా ఉండేవారా అండీ?"

"ఎవరుంటారమ్మాయ్? చెరువు మట్టి పోసి, మెరక చేసి మేమే కట్టుకున్నాం. అంతకుముందు ఇక్కడ నీళ్ళే కదా" అన్నారావిడ, చేపలు తోముతూనే.

ఆ తర్వాత నుంచి ప్రతి వాక్యం చెప్పాక కాసేపు ఆగేదాన్ని. గదిలో నాకెప్పుడూ ఏమీ వినబడలేదు. ఏలూరులో మాత్రం ఆ ఖాళీల్లో ఆమె గొంతు పలికేదని గ్రేసమ్మగారి మాటల్ని బట్టి తెలిసేది. నా తప్పులు తగ్గాయి. ఏడవడం కూడా మానేశాను. అలా నాలుగు నెలలు గడిచాయి.

చివరి క్యాసెట్‌లో 'మా ఆయన దగ్గరికి వెళ్ళబోతున్నందుకు సంతోషపడుతున్నాను' అనే వాక్యం చెప్పాను. గ్రేసమ్మగారు అది విని, "మీ ఆడపడుచు ఇదొక్కటీ చెప్పలేదేమ్మా? ఊపిరి వినబడుతోంది గానీ మాట లేదు. ఒంట్లో బాగాలేదా?" అని అడిగారు.

పరీక్ష పాసయ్యాను. వీసా వచ్చింది. బయల్దేరే రోజు అత్తగారి కాళ్ళకు దండం పెట్టి, చుట్టుపక్కల నాలుగిళ్ళకూ వెళ్ళి 'వెళ్ళొస్తాను' అని చెప్పాను. ఊరు వెళ్ళేటప్పుడు చెప్పకుండా గడప దాటం కదా. ఆటో పెద్ద రోడ్డెక్కాక గుర్తొచ్చింది, ఒకరికి చెప్పలేదని. వెనక్కి తిప్పమని మామగారికి ఏమని చెప్పను?

ఆమె ఎవరో, ఆ ఒక్క టేప్‌రికార్డర్‌లోనే ఎందుకు వినబడిందో నాకు ఇవాళ్టికీ తెలియదు. గ్రేసమ్మగారు కూడా పోయారు, ఇక అడగడానికి ఎవరూ లేరు. కానీ నన్ను బాధపెట్టేది అది కాదు. నాలుగు నెలలు ఇద్దరం ఒకే గదిలో కూర్చున్నాం. ఒక్కసారి కూడా నేను తెలుగులో "ఎవరండీ మీరు?" అని అడగలేదు.