పెనానికి పట్టిన సబ్బు

బస్సు డిపో క్యాంటీన్లో గుడ్లు వేసే మనిషిని అందరూ గుడ్ల మేస్త్రి అంటారు. ఇరవై రెండేళ్లుగా మొదటి బస్సు తీసే డ్రైవర్లకూ కండక్టర్లకూ ఆయన గుడ్లు వేసి పెడుతున్నాడు. ఈ ఇరవై రెండేళ్లలో ఒక్కరినైనా బాగున్నావా అని పలకరించిన పాపాన పోలేదు. ఎవరైనా తనను పలకరిస్తే గుడ్లురిమి చూసేవాడు. ఆ విద్యలోనూ ఆయన మేస్త్రే. లోకంలో ఆయన సహనం చూపించింది ఒక్కదాని మీదే, దానికి ప్రాణం లేదు. అది పోత ఇనుప పెనం.

ఆ పెనం ఆయన కంటే ముందే ఉద్యోగంలో చేరింది. ఏళ్ల తరబడి నూనె పొర మీద పొరగా కాలి, ఇనుముకు ఇంకో చర్మంలా పట్టి, మొహం చూసుకునేంత నల్లగా నిగనిగలాడేది. మేస్త్రి దాన్ని సన్నసెగ మీద పెట్టి, చేతులు కట్టుకుని నిలబడేవాడు. నీటి చుక్క చిలకరిస్తే చుయ్యిమనాలి. అప్పుడు కాస్త నూనె, ఆ తర్వాత గుడ్డు. గుడ్డు తనంతట తాను పెనాన్ని వదిలేదాకా గరిట తగలకూడదు. తొందరపడి కింద గరిట దూర్చినవాడికి ఆయన మతంలో మోక్షం లేదు. పని అయ్యాక వేడి మీదే గుప్పెడు ఉప్పు చల్లి, గుడ్డతో రుద్ది, ఒక చుక్క నూనె పూసి పక్కన పెట్టేవాడు. సబ్బు అనే పదార్థం ఆ పెనం పుట్టి బుద్ధెరిగి చూడలేదు.

అంతవరకూ బాగానే ఉంది. ఆ తర్వాత క్యాంటీన్ సూపర్‌వైజరుగా ఆయన బావమరిది వచ్చాడు.

భార్యకు స్వయానా తమ్ముడు. పెళ్లైన వారంలోనే బావా బావమరుదులు ఒకరినొకరు తూచి చూసుకుని, అవతలివాడు తక్కువ తూగాడని తేల్చేశారు. ఆ తీర్పు మీద ఇద్దరిలో ఎవరూ మళ్లీ పునర్విచారణకు వెళ్లలేదు. బావమరిదికి తెల్ల చొక్కా, శుభ్రత మీద వ్యామోహం, ఒక చూపుడు వేలు ఉండేవి. ఆ వేలిని కిటికీ అంచుల మీదా, అల్మారాల నెత్తిమీదా రాసి, వెలుతురుకు ఎత్తి పట్టి, నేరాలు కనిపెట్టేవాడు. చేరిన పదో రోజున గోడ మీద ఒక శాసనం వెలిసింది: క్యాంటీన్లోని ప్రతి పాత్రనూ, ఏ మినహాయింపూ లేకుండా, సబ్బుతోనూ ఇనుప పీచుతోనూ తళతళలాడేలా తోమవలెను. మేస్త్రి గోడలు చదివే అలవాటున్న మనిషి కాదు. పైగా మర్నాడు బుధవారం, ఆయనకు వారపు సెలవు.

ఆ బుధవారం సూపర్‌వైజరు పెనాన్ని స్వహస్తాలతో తొట్టి దగ్గరికి మోశాడు. అంట్లు తోమే ఆవిడ అది మురికి కాదు సారూ, మేస్త్రి కొంప మునుగుతుంది అని నెత్తీ నోరూ బాదుకుంది. నల్లగా ఉన్నదల్లా మురికే అన్నది సూపర్‌వైజరు సిద్ధాంతం. ఆయన పక్కనే నిలబడి మధ్యాహ్నం నుంచి టీ వేళదాకా తోమించాడు. రెండు పీచులు అరిగిపోయాయి. నలుపంతా తొట్టిలో కలిసింది. పెనం గుండు గీసిన తలకాయలా బూడిదరంగులో బయటపడింది.

గురువారం ఉదయం బోడి పెనాన్ని చూసి మేస్త్రి పళ్లు నూరాడు, కానీ ఇంకో పెనం లేదు, మొదటి బస్సు ఆగదు. మొదటి గుడ్డు పెనాన్ని పట్టుకుంది, వదలలేదు. రెండోది మొదటిదాని శిథిలాల మీద పడింది. మేస్త్రి గోకిన కొద్దీ ముక్కలు వచ్చాయి. ఇరవై రెండేళ్లు ఆయన చూపుకు జడిసిన డ్రైవర్లకు ఒక్కసారిగా నోళ్లు పెగిలాయి. పెద్ద గొంతు డ్రైవరొకడు పళ్లెం వెలుతురుకు పెట్టి చూసి, "మేస్త్రీ, ఇది గుడ్డా, గోడ మీంచి గీకిన సున్నమా?" అన్నాడు. అందరూ నవ్వారు. మేస్త్రి మాత్రం నవ్వినవాళ్ల మొహాలన్నీ వరసగా జ్ఞాపకం పెట్టుకున్నాడు.

గొడవ డిపో మేనేజరు దగ్గరికి వెళ్లింది. సూపర్‌వైజరు తన అల్మారా తీసి, ఎప్పుడో తెచ్చి దాచిన నాన్‌స్టిక్ పెనం బయటపెట్టాడు, ఆపద వస్తుందని పాపం ముందే ఊహించినట్టు. మేనేజరు సోమవారం దాకా గడువిచ్చాడు. ఆ రోజు గుడ్డు ఊడిరాకపోతే పొయ్యి మీదికి కొత్త పెనం ఎక్కుతుంది, పొయ్యి ముందుకు కొత్త మనిషి వస్తాడు, మేస్త్రి అంట్ల తొట్టి దగ్గరికి దిగుతాడు. అక్కడ రోజంతా సబ్బే.

మేస్త్రి సెలవు పెట్టి పెనాన్ని సంచిలో వేసుకుని ఇంటికి పోయాడు.

పోయిన నలుపును తిరిగి తేవడానికి దారి ఒక్కటే. పెనాన్ని వేడి చేసి, పల్చగా నూనె రాసి, రాసిందంతా తుడిచేసి, పొగ చిమ్మి ఆగేదాకా కాల్చాలి. చల్లారాక మళ్లీ మొదలుపెట్టాలి. ఇంత తెలిసిన మనిషి శుక్రవారం కోపంలో ఉన్నాడు కాబట్టి నూనె దండిగా పోశాడు. సాయంత్రానికి పెనం మీద బంకలా జిగురు కట్టింది. బావమరిదిని తిడుతూ ఉప్పేసి రుద్దాడు. చేసింది తనే అన్న సంగతి తిట్లకు అడ్డం రాలేదు.

రెండు గదుల ఇల్లు, ఉన్నది ఒకే కిటికీ. శనివారం పొద్దునకు గోడలూ బట్టలూ దిండ్లూ అన్నీ మాడిన నూనె వాసనే. మేస్త్రి భార్య కళ్లు తుడుచుకుంటూ గుమ్మంలో నిలబడింది.

"ఏమండీ, నేను కావాలో ఆ పెనం కావాలో చెప్పండి."

"సోమవారం తర్వాత అడుగు," అన్నాడు మేస్త్రి.

ఆవిడ సంచి సర్దుకుని తమ్ముడింటికి వెళ్లిపోయింది.

ఇక్కడ ఒక వంశ రహస్యం చెప్పక తప్పదు. ఆ చూపుడు వేలు తమ్ముడి సొంతం కాదు, అక్క దగ్గర నేర్చుకున్నదే. ఆవిడ వెళ్లిన గంటకే మరదలి కిటికీ అంచు మీద వేలు రాసి చూసింది. మధ్యాహ్నానికి వంటింటి అరలన్నీ దించి మళ్లీ సర్దింది. రాత్రి భోజనాల దగ్గర, గ్లాసులు కడిగారా లేక నీళ్లకు చూపించి పెట్టారా అని అడిగింది. ఆదివారం ఉదయం సూపర్‌వైజరు భార్య మొగుణ్ని పక్క గదిలోకి పిలిచి, రేపటికి ఈ ఇంట్లో ఆవిడో నేనో ఒక్కళ్లమే ఉంటామని శాంతంగా చెప్పింది. ఆ శాంతానికే ఆయన భయపడ్డాడు.

ఆదివారం మధ్యాహ్నం తెల్ల చొక్కా మేస్త్రి గుమ్మం ముందు నిలబడింది. లోపల పొగ.

"బావా, అక్కని ఎప్పుడు తీసుకెళ్తావు?"

"పెనం కుదిరాక."

"ఎప్పటికి కుదురుతుంది?"

"నీ పీచుని అడుగు."

సూపర్‌వైజరు దగ్గాడు. ఇంకా ఎన్ని పొరలు పడాలని అడిగాడు. నాలుగన్నాడు మేస్త్రి. తన భుజం పట్టేసిందనీ, ఈ లెక్కన రేపటికి కుదిరేది కల్లేననీ, మీ అక్కకు నీ ఇల్లు బాగా నచ్చినట్టుందనీ చెప్పి గోడకు ఆనుకుని కూర్చున్నాడు. సూపర్‌వైజరు కాసేపు పెనాన్ని చూశాడు. ఆ తర్వాత చొక్కా చేతులు పైకి మడిచి గుడ్డ అందుకున్నాడు.

"తుడువు," అన్నాడు మేస్త్రి.

"తుడిచాను కదా."

"ఇంకా తుడువు. అసలు నూనె రాయడమే తప్పని తెలిసొచ్చినట్టు తుడవాలి."

"నువ్వు మనిషివేనా బావా?"

"కింద అంచు మర్చిపోయావు."

చీకటి పడేలోగా నాలుగు పొరలూ పడ్డాయి. తెల్ల చొక్కా ఏ రంగుకు తిరిగిందో వర్ణించడం మర్యాద కాదు. ఇద్దరిలో ఎవరూ ఎవరికీ థాంక్స్ చెప్పుకోలేదు, మంచినీళ్లు ఇచ్చిందీ లేదు.

సోమవారం ఉదయం మేనేజరు పొయ్యి పక్కన నిలబడ్డాడు. వెనక డ్రైవర్లు ఇంకోసారి నవ్వడానికి సిద్ధంగా ఉన్నారు. పెనం పాత నలుపుకు రాలేదు కానీ గోధుమరంగు దాటింది. మేస్త్రి సన్నసెగ మీద పెట్టి చేతులు కట్టుకున్నాడు. నీటి చుక్క చుయ్యిమంది. నూనె వేశాడు, గుడ్డు కొట్టాడు. తెల్లసొన గట్టిపడింది. మేస్త్రి కదల్లేదు. అక్కడున్న వాళ్లందరిలో ఆ గుడ్డు ఊడిరావాలని మేస్త్రి తర్వాత అంతగా కోరుకున్నది సూపర్‌వైజరొక్కడే. ఆయన చెమటలు కక్కుతూ, "తిప్పు బావా, మాడిపోతోంది," అన్నాడు.

"దాన్ని కదపకు. నువ్వూ కదలకు."

అంచు ఒక పక్క కొద్దిగా పైకి లేచింది. మేస్త్రి పెనాన్ని అటు ఒకసారి, ఇటు ఒకసారి వంచాడు. గుడ్డు జారింది. పళ్లెంలోకి నిండుగా, ఒక్క గీటు లేకుండా దిగింది.

మేనేజరు తలాడించి, గోడ మీద కాగితంలో ఇనుప పెనం మినహా అని చేర్చమన్నాడు. సూపర్‌వైజరు అక్కడికక్కడే చేర్చి సంతకం పెట్టాడు. అధికారం పూర్తిగా పోలేదని చూపడానికి కాబోలు, ఆ గుడ్డు తనే తిని, ఉప్పు తక్కువైందన్నాడు. ఆపైన అనుమతి అడిగి ఇంటికి పరుగెత్తాడు. తొమ్మిదింటికల్లా అక్కను బస్సెక్కించాడు. సంచి కూడా తనే మోశాడు.

మేస్త్రి ఉప్పు మాట విననట్టే ఇంకో గుడ్డు అందుకున్నాడు. పెద్ద గొంతు డ్రైవరు పళ్లెం పట్టుకుని వరసలో మొదట నిలబడ్డాడు. మేస్త్రి వాణ్ని ఎగాదిగా చూసి, వరస చివరికి వెళ్లమని గరిటతో చూపించాడు.