ఫారంలో రాసిన బరువు

షుగర్ పేషెంట్లకు ఏం తినాలో, ఏం తినకూడదో చెప్పే ఉద్యోగం నాది. ఆస్ట్రేలియాలోని టూవూంబా నుంచి నెలకోసారి చిన్న విమానంలో మారుమూల ఊళ్లకు వెళ్లాలి. మొదటి ప్రయాణానికి ముందు ఫారంలో నా బరువు అడిగారు. ఎవరు చూడొచ్చారులే అని, పెళ్లినాటి బయోడేటాలో ఉన్న యాభై ఎనిమిదే రాసేశాను.

విమానం ఎక్కబోతుంటే పైలట్ ఫారం చూశాడు, నన్ను చూశాడు. "అక్కడ రన్‌వే మట్టిది, పొట్టిది. లెక్క తప్పితే ప్రమాదం" అని ఇంగ్లిషులో మర్యాదగానే చెప్పాడు. నేను పేషెంట్ల కోసం తెచ్చిన బరువు చూసే మిషన్నే బయటికి తీయించాడు. అందరి ముందూ ఎక్కాను. డెబ్భై ఒకటి!

మాతో వస్తున్న పళ్ల డాక్టరు సురేష్ గారిది గుంటూరు. "ఏంటండీ, పెళ్లిచూపుల నాటి వెయిటా?" అని పగలబడి నవ్వారు. మందుల పెట్టెలు దించడానికి వీల్లేదు. అందుకని సున్నుండల డబ్బాతో సహా నా సూట్‌కేసు దిగిపోయింది. అక్కడున్న మూడు రోజులూ ఒకే చుడీదార్‌తో గడిపాను.

ఆ ఊళ్లో మొదట వచ్చిన పెద్దావిడ మిషన్ ఎక్కనని మొండికేసింది. ఇంకో రోజైతే క్లాసు పీకేదాన్ని. ఆ రోజు మాత్రం చెప్పులు విప్పి ముందు నేనే ఎక్కాను. ఆవిడ వంగి అంకె చూసింది. "నీకంటే నేనే నయం" అని నవ్వుతూ ఎక్కేసింది.

అప్పటి నుంచి ఏ ఊరెళ్లినా మొదట మిషన్ ఎక్కేది నేనే. ఫారంలోనూ నిజమే రాస్తున్నాను. కాకపోతే, పొద్దున్నే టిఫిన్ తినకముందు చూసుకున్న బరువు!