ఆ ఏడాది మొదటి రికార్డు

మా ఇంగ్లీషు మాస్టారు పోయారు. భవానీపురంలో వాళ్ళ చర్చి బోర్డు మీద ‘ప్రభువునందు విశ్రమించారు’ అని సుద్దముక్కతో రాశారు. ఆదివారం ఆరాధనకి హార్మోనియం వాయించే మనిషి గురించి అక్కడ అంతకంటే రాయనక్కర్లేదు. ఇక్కడ రెండో సంగతి కూడా చెప్పాలి. ఈ పత్రికలో ఏటా డిసెంబరులో ‘ఈ ఏటి పది హెవీ మెటల్ రికార్డులు’ అని ఇంగ్లీషు హోరు పాటల మీద రాసింది ఆయనే. పేరు వేసుకోలేదు కాబట్టి చాలామందికి తెలియదు.

ఆయన చేతిరాత ప్రెస్సులో ఎవరికీ కొరుకుడు పడేది కాదు. శిష్యురాలిని కదా, నేను సాపు రాసి ఇచ్చేదాన్ని. మొదటి ఏడాది ఎవరో శీర్షికని ‘బరువు లోహాలు’ అని దిద్దారు. వన్‌టౌన్ నుంచి ఇనుప సామాన్ల వ్యాపారి ఒకాయన, రేట్లు వెయ్యడం మర్చిపోయారేమని ఉత్తరం రాశాడు. మాస్టారు దానికి ఎంతో మర్యాదగా జవాబు రాశారు.

రికార్డులు మద్రాసు హార్బరులో పనిచేసే బావమరిది పంపేవాడు. కరెంటుని నమ్ముకుంటే పాట సగంలో ఆగుతుందని మాస్టారు ఆరు సెల్స్‌తో నడిచే ప్లేయరు కొనుక్కున్నారు. కూర్చుని వినేవారు కాదు. అరచెయ్యి బల్లమీద ఆనించి, నిలబడి వినేవారు. ఒకసారి నేను ఏదో రికార్డు బాగుందన్నాను. “బాగుందనేది అభిప్రాయం కాదమ్మా, మర్యాద. ఎందుకు బాగుందో చెప్పు” అన్నారు. ఇంకోసారి, చప్పుడుకీ బరువుకీ తేడా ఏమిటని అడిగాను. “ఖాళీ డబ్బా మోగుతుంది. ధాన్యం బస్తా మోగదు.” అంతే చెప్పారు.

ఒక ఏడాది ఆయన మొదటి స్థానం ఇచ్చిన రికార్డు గురించి, బస్తాల బండి కాలవగట్టు ఎక్కుతున్నట్టుందని రాశారు. ఆ ఒక్క వాక్యం చదివి మా అన్నయ్య మద్రాసు నుంచి అదే రికార్డు తెప్పించుకున్నాడు. మా ఇంట్లోది కరెంటు ప్లేయరు. పెట్టి చూస్తే బండీ లేదు, గట్టూ లేదు, ఎడ్లు పరుగెత్తుతున్నాయి.

నోరు మూసుకుని ఉండాల్సింది. వెళ్ళి చెప్పాను. మాస్టారు కొత్త సెల్స్ తెప్పించి వేసి, తన రికార్డు మళ్ళీ పెట్టారు. ఆయన ప్లేయరు మీద కూడా ఎడ్లు పరుగెత్తాయి. పాట అయ్యేదాకా చెయ్యి బల్లమీదే ఉంచారు.

“అప్పుడు సెల్స్ అయిపోవచ్చాయమ్మా, రికార్డు నెమ్మదిగా తిరిగింది. నేను మెచ్చుకుంది వాళ్ళ వాయిద్యాన్ని కాదు, నా సెల్స్‌ని.”

ఊళ్ళో ఆ రికార్డు ఇంకెవరి దగ్గరా లేదనీ, ఊరుకుంటే ఎవరికీ తెలియదనీ అన్నాను.

“మీ అన్నయ్య నా మాట నమ్మాడు కదమ్మా” అన్నారు.

మరుసటి వారం ఆ మాటలే అచ్చువేయించి, రికార్డుని లిస్టులోంచి తీసేశారు. ఇంకోదాన్ని పైకి జరపలేదు. ఆ ఏడాది మొదటి స్థానం ఖాళీ. కాలేజీ స్టాఫ్‌రూములో చాలాకాలం ఆయన్ని “సెల్స్ ఎలా ఉన్నాయండీ?” అని పలకరించారు. “కులాసాగా ఉన్నాయండీ” అనేవారు. ఆ తర్వాతి లిస్టులన్నిటికీ చివర ‘కొత్త సెల్స్‌తో విన్నాను’ అని ఒక ముక్క ఉండేది. దాన్ని సాపు రాసిన ప్రతిసారీ నాకు సిగ్గేసేది.

సమాధి కార్యక్రమం అయిన రెండో రోజు వాళ్ళింటికి వెళ్ళాను. అమ్మగారు డాబా మీద వడియాలు తియ్యబోతూ నన్నూ పైకి రమ్మన్నారు. పిట్టగోడ మీద ఆరు పాత సెల్స్ వరసగా ఉన్నాయి. ఓపిక అయిపోయిన సెల్స్‌ని ఎండలో పెట్టి ఇంకో నాలుగు పూటలు నడిపించని ఇల్లు మన ఊళ్ళో లేదు. కానీ మాస్టారు ఎప్పుడూ కొత్తవే వాడేవారు కదా అన్నాను.

“అవి లిస్టుకమ్మా. ఇవి ఆ ఒక్క రికార్డుకి. ఆదివారం చర్చి నుంచి రాగానే వీటితో పెట్టుకునేవారు. మరీ ఎండనివ్వకు, నీరసంగానే ఉండాలి అనేవారు.”

ఆవిడ వడియాలు చేటలోకి తీసుకుని కిందికి దిగారు. సెల్స్ తియ్యలేదు. ముట్టుకుని చూశాను, ఇంకా వెచ్చగా ఉన్నాయి.