సోమవారం పది గంటల సైరన్

అవనిగడ్డ దాటి పడవెక్కితే తప్ప చేరలేని లంక అది. అక్కడ సెల్‌ఫోన్లు బాగుచేసే గౌస్‌కే తుఫాను సైరన్ కూడా అప్పజెప్పారు. చెవి వెనక స్క్రూడ్రైవర్, జేబులో సైరన్ గది తాళం. ప్రతి సోమవారం పదింటికి మోగించి పరీక్షిస్తాడు. ఆ మోత విన్నాకే ఊళ్లో ఆడవాళ్లు ఎసట్లో బియ్యం పోస్తారు.

మొన్న అక్టోబరులో తుఫాను కబురు సోమవారమే వచ్చింది, సరిగ్గా పదింటికి. గౌస్ సైరన్ మోగించాడు. ఒక్కరూ బయటికి రాలేదు. అందరూ బియ్యం పోస్తున్నారని అతనికి తట్టింది. సైరన్ ఆపి మైకు అందుకున్నాడు.

"మహాలక్ష్మి వదినా, ఇది టెస్టింగ్ కాదు, షెల్టర్‌కి వచ్చేయండి. చిన్నబాబు మావయ్యా, అత్తయ్యని మంచంతో మోసుకురండి."

చేతిలో కాగితం లేదు. ఎవరి ఫోను ఎప్పుడు పగిలిందో చెప్పగల మనిషికి నూట నలభై ఇళ్లూ వరసలతో సహా నోటికి వచ్చు. అతను పిలిచిన క్రమంలోనే జనం గట్టు మీదుగా కదిలారు, సగం ఉడికిన అన్నం గిన్నెలతో. చివరికి గొంతు బొంగురుపోయింది.

"హఫీజా, నువ్వూ రా."

అతని భార్య అప్పటికే షెల్టర్ గుమ్మం బయట, వానలో నిలబడి ఉంది. తన పేరు విన్నాకే లోపలికి అడుగుపెట్టింది.