గుట్ట దిగుడులో గట్టిపడే బ్రేకు

మొన్న మా అబ్బాయి కొత్త కారులో నన్ను కళ్ల డాక్టరు దగ్గరికి తీసుకుపోతుంటే, సిద్దిపేటలో ఒక చౌరస్తా దగ్గర ఎర్రదీపం పడి కారు ఆగింది, ఆగిన మరుక్షణంలోనే ఇంజిన్ కూడా దానంతటదే ఆగిపోయింది. ముందున్న దాన్ని దేన్నో గట్టిగా పట్టుకుని "బండి బందైందిరా" అని అరిచానట. వాడు నవ్వి, ఇప్పటి కార్లు అంతేనని, నిలబడినప్పుడు వాటంతట అవే ఆగి, కదిలేటప్పుడు అవే మొదలవుతాయని చెప్పాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఇంజిన్ ఆగిన నిశ్శబ్దమంటే భయపడటం నేను ముప్పయ్యేళ్ల కింద నేర్చుకున్నాను, అది ఇంకా వదలలేదు.

తొంభైల మొదట్లో మా ఆయనకు ఒక డీజిల్ పికప్ బండి ఉండేది. అప్పటికే ఇద్దరు ముగ్గురి చేతులు మారి, ఒళ్లంతా అతుకులతో మా ఇంటికి వచ్చిన బండి. మాది కోహెడ దగ్గర పల్లె, తాటిచెట్లెక్కి కల్లు గీసే కుటుంబం. మా మామగారు చివరిదాకా మోకుతాడు భుజాన వేసుకుని తిరిగినవారే గానీ, మా ఆయనకు చెట్టు చూస్తే కళ్లు తిరిగేవి, ప్రాణమంతా స్టీరింగు మీదే. పొద్దున కూరగాయల గంపలు, మేకలు, సిమెంటు బస్తాలు, వాటి మధ్య సందు దొరికితే మనుషులు, అందరినీ ఎక్కించుకుని సిద్దిపేట పోయి, పొద్దు వాలే వేళకు వచ్చేవారు. ఆ రోజుల్లో బస్సు దొరకని పల్లెల్లో ఇలాంటి బండే పెద్ద దిక్కని, మీలో నా వయసు వాళ్లకు నేను చెప్పనక్కరలేదు.

మా దారిలో ఒక గుట్ట ఉండేది. దాని దిగుడు చివర ఒక మలుపు, మలుపు పక్కన మక్కజొన్న చేను. ఒకరోజు మా ఆయన బండి ఆ మలుపు తిరగకుండా నేరుగా ఆ చేనులోకి పోయి ఆగింది. ఎవరికీ ఏమీ కాలేదు, టమాటాలు మాత్రం చేనంతా దొర్లాయి. ఎదురుగా ఎడ్లబండి అడ్డం వచ్చిందని, ఒకసారి తొక్కితే బ్రేకు పట్టిందని, మళ్లీ తొక్కితే కాలి కింద రాయిలా బిగుసుకుపోయి ఎంత బలంగా నొక్కినా బండి ఆగలేదని ఇంటికొచ్చి చెప్పారు.

మర్నాడే సిద్దిపేటలో మేస్త్రీ దగ్గరికి పోయింది బండి. ఆ మేస్త్రీ మా ఆయన కంటే పెద్దవాడు, కాకా అని పిలిచేవారు. ఆయన చక్రాలు విప్పి, బ్రేకు పట్టీలు అరిగాయని కొత్తవి వేశాడు. నాలుగు రోజులు బాగానే నడిచి, మళ్లీ అదే గుట్ట మీద అదే కథ. ఈసారి గొట్టాల్లో గాలి చేరిందని ఒకరు పెడల్ తొక్కుతుంటే ఒకరు కింద దూరి గాలంతా తీసి, కొత్త బ్రేకు ఆయిల్ పోశారు. ఆ తర్వాత ఆయిల్‌ను తోసే సిలిండరే మార్చారు. షెడ్డులో తొక్కి చూస్తే బంగారంలా పనిచేస్తుంది, సిద్దిపేట బజార్లో ఎన్ని మేకలు అడ్డమొచ్చినా ఆగుతుంది, గుట్ట దగ్గరికి వచ్చేసరికి ఎప్పుడు మొండికేస్తుందో తెలియదు. దారి ఖాళీగా ఉన్ననాడు ఏమీ కాదు, ఏదైనా అడ్డమొచ్చి రెండు మూడుసార్లు తొక్కవలసి వచ్చిననాడే ప్రాణం మీదికొస్తుంది. చివరికి మేస్త్రీ విసుగెత్తి, మా ఆయనను పక్కన కూర్చోబెట్టుకుని, తానే నడుపుతూ ఆ గుట్ట ఎక్కి దిగి చూశాడు. కావాలని పదే పదే బ్రేకు తొక్కాడట. బండి తొక్కిన చోటల్లా ఆగింది.

అసలు భయం అక్కడ మొదలైంది. బ్రేకు చెడిపోతే బాగుచేయవచ్చు, చెడిపోనిదాన్ని ఏం బాగుచేస్తారు? ఊళ్లో తలా ఒక మాట అన్నారు. బండికి దిష్టి తగిలిందన్నారు, నిమ్మకాయలు, మిరపకాయలు కట్టాం. గుట్ట కింద మైసమ్మ కోడిని అడుగుతోందన్నారు, మా అత్తగారు పోయి కోసి వచ్చారు. మైసమ్మ కోపం తగ్గిందో లేదో గానీ బ్రేకు మొండితనం తగ్గలేదు. ఇక చివరి మాట అన్నిటికంటే చేదైనది. మేస్త్రీ నడిపితే ఆగిన బండి ఈయన నడిపితే ఎందుకు ఆగదు, కల్లు తాగి నడుపుతున్నాడు కాబట్టి అన్నారు. పండుగనాడు కూడా చుక్క ముట్టని మనిషిని పట్టుకుని ఆ మాట అన్నారు. తాడిచెట్టు కింద పాలు తాగినా కల్లే అంటారు, మేము పుట్టిందే తాడిచెట్టు కింద, ఇక ఎవరి నోరు మూయిస్తాం?

సాయంత్రం అయితే నా చెవులు రోడ్డు మీదే ఉండేవి. అన్నం వండుతున్నా, గిన్నెలు తోముతున్నా, దూరంగా ఏ బండి సప్పుడు వినబడినా చేయి ఆగిపోయేది. కాస్త ఆలస్యమైతే ఆ మక్కచేను, ఆ మలుపు, తిరగబడిన బండి కళ్ల ముందు కదిలేవి. అమ్మేయమని బతిమాలాను. బ్రేకు పడని బండిని అమ్మితే ఇంకొకరిని చంపినట్టే కదా అన్నారు ఆయన.

అంతలో మా మరిది పెళ్లి కుదిరింది. పిల్లది ధూళిమిట్ట. మా వైపు పెళ్లి జనమంతా మగపెళ్లివారిగా మా బండిలోనే పోవాలని మా మామగారు తేల్చేశారు, ఇంట్లో బండి పెట్టుకుని ఇంకొకరి బండి కిరాయికి మాట్లాడితే ఊరు ఏమనుకుంటుందని ఆయన పట్టుదల. ఆ గుట్ట దాటకుండా పోయే దారి లేదు. ముసలివాళ్లు, చంటిపిల్లలు, మా ఇద్దరు పిల్లలు, పెళ్లికొడుకు, మా వంశం వంశమంతా ఆ ఒక్క బండిలో ఎక్కుతుందని తలుచుకుంటే నాకు ముద్ద దిగేది కాదు.

పెళ్లి బట్టలు కొనడానికని మా అత్తగారిని, నన్ను ఎక్కించుకుని మా ఆయన సిద్దిపేట పోయినప్పుడు, బజారు పని కాగానే ఇంకొక్కసారి చూపిద్దామని బండిని షెడ్డుకు తిప్పారు. మేస్త్రీ పెడల్ తొక్కి చూసి, ఎప్పటిలాగే అంతా బాగుందని చేతులు తుడుచుకున్నాడు. పాత టైరు మీద కూర్చుని చాయ్ తాగుతున్న మా అత్తగారికి ఒళ్లు మండింది. ఆమె నోటికి ఊళ్లో ఎదురులేదు.

"నీ షెడ్డుల ఎప్పుడు జూసినా బండి బుద్ధిమంతురాలి లెక్కనే ఉంటది మేస్త్రీ. గాడ గుట్ట దిగంగ సప్పుడు బందై జర నిమ్మలమైతది సూడు, నాలుగు ముచ్చట్లు జెప్పుకుందామంటే గప్పుడే మా పోరడు బ్రేకు పడ్తలేదని మొత్తుకుంటడు."

మేస్త్రీ చేతిలోని గుడ్డ ఆగింది. "సప్పుడు బందైతదా? ఎందుకు బందైతదవ్వా?"

"నేనే బందు జేస్త కాకా" అన్నారు మా ఆయన, అదొక విశేషమే కానట్టు. "దిగుడుకు బండి దానంతటదే పోతది గద, డీజిల్ ఎందుకు దండుగ? నేను నేర్చుకున్న లారీ మీద మా మ్యానమామ గట్లనే నేర్పిండు."

"మరి గిన్నొద్దులు నాకెందుకు జెప్పలే?"

"నువ్వు అడగలే గద."

మేస్త్రీ నెత్తి కొట్టుకున్నాడు. మా ఆయనను మాత్రం ఏమని అనగలం? గుట్ట దిగేటప్పుడు ఇంజిన్ ఆపడం మా దారుల్లో డ్రైవర్లందరికీ ఊపిరి తీసుకున్నంత మామూలు, ఊపిరి తీసుకుంటున్నానని ఎవరైనా మేస్త్రీకి చెబుతారా? ట్రయల్‌కు పోయిననాడు మేస్త్రీ ఇంజిన్ ఆపలేదు, డీజిల్ మిగుల్చుకోవడానికి బండి మేస్త్రీది కాదు కదా, ఎందుకు ఆపలేదని మా ఆయనా అడగలేదు. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టు అయింది మా అందరి పని.

తర్వాత మేస్త్రీ నిదానంగా చెప్పాడు. ఆ పాత లారీ బ్రేకుకు మనిషి కాలి బలమే బలం, ఇంజిన్ తిరిగినా ఆగినా ఒకటే. ఈ పికప్ బ్రేకుకు కాలి బలంతో పాటు ఇంజిన్ నుంచి కూడా బలం అందుతుంది, దానికోసమే బూస్టర్ అనే గుండ్రటి డబ్బా ఒకటి ఉంటుంది. ఇంజిన్ ఆగితే అందులో మిగిలిన బలం ఒకటి రెండు తొక్కుళ్లకే సరిపోతుంది, ఆ తర్వాత పెడల్ బండరాయే. అంతా చెప్పి, మా ఆయన వైపు కాకుండా నా వైపు తిరిగాడు.

"నువ్వు రా చెల్లె. నువ్వే తొక్కి సూడు. రేపు ఈయన మళ్ల గదే పని జేస్తే నీకు ఎరుకుండాలె."

అత్తగారి ముందు డ్రైవరు సీటులో కూర్చోవడమంటే నాకు సిగ్గు ముంచుకొచ్చింది. "కూసో పిల్లా, సిగ్గేంది? పాణం కంటే ఎక్కువనా?" అని ఆమే నెట్టారు. ఆగిన బండిలో కూర్చుని తొక్కాను. మొదటిసారి పెడల్ మెత్తగా దిగింది, రెండోసారి సగమే దిగింది, ఆ తర్వాత నేను సీటులోంచి లేచి నిలబడి తొక్కినా కదలలేదు. ఆయన కాలి కింద ఇన్నాళ్లూ ఉన్నది ఇదా అనుకున్నాను. కాలు అలాగే ఉంచమని చెప్పి మేస్త్రీ ఇంజిన్ మొదలుపెట్టాడు. అంత బిర్రుగా ఉన్న పెడల్ నా పాదం కింద, ఎవరో కిందినుంచి వదిలేసినట్టు, మెల్లగా దిగిపోయింది. నేను అందరి ముందు భోరున ఏడ్చాను. భయం పోయినందుకు ఏడ్చానో, ఆయన ఇన్నాళ్లు బతికి ఉన్నందుకు ఏడ్చానో ఇప్పటికీ తెలియదు.

పెళ్లినాడు ముందు సీటు పెళ్లికొడుకుది, నాకు వెనకాల ఆడవాళ్ల మధ్య చోటు దొరికింది. మా ఆయన నా మీద, పిల్లల మీద ఒట్టు వేశారు, అయినా అలవాటు ఒట్టును ఎంతవరకు వింటుంది? గుట్ట ఎక్కుతుంటే ఆడవాళ్లు పాటలు అందుకున్నారు, ఆ గోలలో ఇంజిన్ తిరుగుతోందో ఆగిందో నాకు తెలియలేదు. చిన్నపిల్లను ఒళ్లో అదుముకుని, రెండో అరచెయ్యి డ్రైవరు వెనక రేకుకు ఆనించాను. రేకు అదురుతోంది. దిగుడు మొదలైనా అదురుతూనే ఉంది. మలుపు దగ్గర గొర్రెల మంద అడ్డమొచ్చింది, బండి ఒకసారి తగ్గి, మళ్లీ తగ్గి, ఇంకా తగ్గి, చివరి గొర్రె దాటేదాకా నిలబడింది. పాట ఆపకుండా పాడుతున్న ఆడవాళ్లలో ఎవరికీ తెలియదు, ఆ ఆగడం కోసం మేము ఎంత ఏడ్చామో. పెళ్లికి పోయిన వాళ్లందరం క్షేమంగా ఇల్లు చేరాం, కల్లు మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

ఆ తర్వాత ఆ బండి చాలా ఏళ్లు నడిచింది, ఆయన ఇంకెప్పుడూ దిగుడులో ఇంజిన్ ఆపలేదు. ఆపనందువల్ల పోయిందేమిటో నాకు చాలా రోజులకు గానీ తెలియలేదు. ఇంటినిండా జనం ఉన్న రోజుల్లో కోడలు పగటిపూట మొగుడితో మాట్లాడటం ఎక్కడిది? ఎప్పుడైనా ఆయన పక్కన కూర్చుని సిద్దిపేట పోయినా, ఆ హోరులో పక్క మనిషి మాట పక్క మనిషికి వినబడేది కాదు. ఆ గుట్ట దిగే కాసేపు, గాలి సప్పుడు తప్ప ఇంకేమీ లేనప్పుడు, నన్ను ఇది తిన్నావా, అది కావాలా అని అడిగేవారు, నేను పుట్టింటి మాటో, పిల్లల మాటో చెప్పేదాన్ని. మా ఇద్దరి కాపురం ముచ్చట్లలో సగం ఆ దిగుడులోనే జరిగాయి. ఆ ఒట్టుతో అవి ఆగిపోయాయి.

ఇప్పుడు ఆ గుట్టను తొలిచి రోడ్డు వెడల్పు చేశారు, ఎక్కుడూ లేదు, దిగుడూ లేదు. మేము సిద్దిపేటలో కొడుకు ఇంట్లో ఉంటున్నాం. మధ్యాహ్నం వేళ ఇంట్లో ఏ హోరూ ఉండదు, అడ్డు చెప్పే పెద్దలూ లేరు, ఇద్దరం ఎదురెదురుగా కూర్చుంటాం. అయితే అన్నేళ్లు ఇంజిన్ పక్కన కూర్చున్నందుకు ఆయన చెవులు పోయాయని దవాఖానలో చెప్పారు, ఇచ్చిన మిషను చెవిలో గుయ్యిమంటుందని డబ్బాలోనే పెట్టారు. నేను మాట్లాడుతుంటే నా పెదవుల వైపు చూసి, ఏదో అర్థమైనట్టు తల ఊపుతారు. మనిషి దక్కాడు, అదే పదివేలు అనుకుంటాను. కానీ చెప్పుకోవడానికి ఇంత తీరిక, ఇంత నిమ్మళం దొరికిన ఈ రోజుల్లో, నా మాట ఒక్కటంటే ఒక్కటి ఆయన చెవిన పడితే బాగుండునని కొన్ని మధ్యాహ్నాలు చాలా దిగులేస్తుంది.